నడుమ పలచనైన రోడ్డు

నేను రోడ్లు వేసే ఉద్యోగం చేయలేదు. వేస్తుంటే పక్కన నిలబడి చూసే ఉద్యోగం చేశాను. మున్సిపాలిటీలో దాన్ని వర్క్ ఇన్‌స్పెక్టర్ అంటారు. ఇన్‌స్పెక్టర్ అనగానే చాలామంది పెద్ద అధికారం అనుకుంటారు. నా పైన ఏఈ సార్, ఆయన పైన డీఈ సార్, ఆ పైన కమిషనర్ ఉండేవారు. నా కింద ఎవరూ లేరు. అది పర్మనెంటు కొలువు కూడా కాదు, ఏజెన్సీ ద్వారా తీసుకున్న ఔట్‌సోర్సింగ్ పని. మాది సంగారెడ్డి దగ్గర పల్లె. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, పెళ్లయ్యాక పటాన్‌చెరు వైపు వచ్చాను. మా ఆయన ఒక మందుల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తాడు. నేను స్కూటీ డిక్కీలో ఒక టేపు, ఒక ఇనుప చువ్వ పెట్టుకుని గల్లీలు తిరిగేదాన్ని.

ఆడదాన్ని కావడంతో కొత్త బస్తీకి వెళ్తే నన్ను ఆశా వర్కర్ అనుకునేవాళ్లు. టేపు బయటికి తీయగానే మొహాలు మారిపోయేవి. "ఏంది మేడం, ఇండ్లు కూలగొడ్తరా?" అని అడిగేవాళ్లు. రోడ్డు కోసం అని చెప్తే నమ్మడానికి కాసేపు పట్టేది. నమ్మాక చాయ్ ఇచ్చేవాళ్లు.

నేను చెప్పబోయే బస్తీ ఫ్యాక్టరీల ప్రహరీ గోడల వెనక, పల్లంలో ఉంది. ఒక వరసలో పాత ఊరివాళ్ల ఇళ్లు. వాళ్లు ఒకప్పుడు పొలాల్లో కైకిలికి పోయినవాళ్లు, ఇప్పుడు ఫ్యాక్టరీల్లో లోడింగ్‌కీ ప్యాకింగ్‌కీ పోతున్నారు. ఎదుటి వరసలో బిహార్, ఒడిశా కూలీలకు కిరాయికిచ్చిన రేకుల గదులు. మధ్యలో మట్టి దారి. వాన పడితే ఎత్తున ఉన్న గోడల అవతలి నీళ్లన్నీ ఆ దారిలోకే వచ్చేవి. ఆ నీళ్లు నల్లగా ఉండేవి, కాళ్లు దురద పెట్టేవి. ఆటోవాళ్లు మెయిన్ రోడ్డు మీదే దింపేసి, "ఇగ నడువుండ్రి" అనేవాళ్లు.

గల్లీ మధ్యలో ఒక అక్క చిన్న హోటల్ నడిపేది. పొద్దున పూరీ, బోండా, చాయ్. షిఫ్టుకు పోయేవాళ్లంతా అక్కడే తినేవాళ్లు. యాభై దాటిన మనిషి, గొంతు పెద్దది. ఆమె భర్త ఫ్యాక్టరీలో పనిచేసి, రెండు కిడ్నీలూ చెడిపోయి ఇంట్లో పడ్డాడు. రోజు విడిచి రోజు సంగారెడ్డికి పోయి డయాలసిస్ చేయించుకోవాలి. గల్లీలోకి ఆటో రాదు. ఆయన నడవలేడు. అందుకని ఒక ప్లాస్టిక్ కుర్చీ కింద రెండు వెదురు బొంగులు కట్టి, కిరాయి గదుల కుర్రవాళ్లు నలుగురు పట్టుకుని మెయిన్ రోడ్డు దాకా మోసేవాళ్లు. తిరిగి వచ్చేటప్పుడూ అంతే. అందుకే రోడ్డు కోసం ఆ బస్తీలో అందరికన్నా ఎక్కువ తిరిగింది ఆ అక్క. ప్రతి సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణికి వచ్చేది. కమిషనర్ ఆఫీసు వరండాలో ఆమె గొంతు వినిపిస్తే మా క్లర్కులు టీకి పోయేవాళ్లు.

చివరికి రోడ్డు మంజూరైంది. కొలతలకు నేను వెళ్లిన రోజు ఆమె నా చేతిలో చాయ్ గ్లాసు పెట్టి, "నీ కాళ్లు మొక్కుత బిడ్డా, జెర జల్దీ చేయించు. మా ఆయన్ని శవం లెక్క మోసుడు సూడలేకపోతున్న" అంది. ఆ రోజు ఆమె బోండాకు పైసలు తీసుకోలేదు. నేను ఎంత చెప్పినా తీసుకోలేదు.

కాంట్రాక్టర్ ఆ పక్క ఊరి పాత పటేళ్ల కుటుంబం మనిషి. పొలాలు లేఅవుట్లు అయ్యాక జేసీబీ, టిప్పర్లు కొని ఈ పనిలోకి దిగాడు. మర్యాదస్తుడు. నన్ను ఎప్పుడూ "చెల్లె" అనే పిలిచేవాడు. ఎండలో నిలబడితే గొడుగు తెప్పించేవాడు. ఆయన మీద నాకు వేరే ఫిర్యాదు ఏమీ ఉండేది కాదు, రోడ్డు సరిగా వేసి ఉంటే.

జేసీబీతో దారి తవ్వారు. మట్టి తీసి, కంకర పోసి, రోలర్‌తో తొక్కించారు. సాయంత్రం నేను అడ్డంగా దారం పట్టించి చూస్తే ఆ కంకర పరుపు చదునుగా ఉంది. రేపు పొద్దున కాంక్రీట్ పోసుకోవచ్చని చెప్పి ఇంటికి వెళ్లాను.

మర్నాడు నేను వెళ్లేసరికే పరుపు మీద ప్లాస్టిక్ పట్టా పరిచేసి ఉంది. రెడీమిక్స్ లారీ ఒకటి గల్లీ మొదట్లో కాంక్రీట్ దించుతోంది. బస్తీ అంతా గుమ్మాల్లో నిలబడి ఉంది. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. హోటల్ అక్క తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకుని ఉంది. ఆమె భర్తను కుర్చీతో సహా బయటికి తెచ్చి కూర్చోబెట్టారు, చూడ్డానికి.

నేను అలవాటు ప్రకారం చువ్వ తీసి అంచు దగ్గర పచ్చి కాంక్రీట్‌లో గుచ్చాను. ఎంత దిగాలో అంత దిగింది. రెండడుగులు లోపలికి జరిగి గుచ్చాను. కాస్త తక్కువ దిగింది. నడిమధ్యలో గుచ్చాను. సగానికే టక్కున తగిలి ఆగిపోయింది. ఇంకోచోట గుచ్చాను. అక్కడా సగమే. నాకు అర్థమైంది. పొద్దున్నే నేను రాకముందు మధ్యలో క్రషర్ డస్ట్, అంటే రాతి పొడి, పోసి, గాడిద వీపులా ఎత్తు చేసి, దాని మీద పట్టా కప్పేశారు. అంచుల దగ్గర చూసినవాడికి రోడ్డు నిండు మందం కనిపిస్తుంది. బండ్లు తిరిగే నడుమ మాత్రం సగమే ఉంటుంది. పైన చదును చేశాక ఎవడూ కనిపెట్టలేడు.

లారీ డ్రైవర్‌కు చెయ్యి అడ్డం పెట్టి ఆపమన్నాను. ఏఈ సార్‌కు ఫోన్ చేశాను.

"గట్లనా? సరే, ఆపు. కానీ కాగితం మీద ఏం రాయకు. నోటితోటి చెప్పు, సరిచేస్తరు. రాస్తే ఇగ మీదికి కిందికి అందరం పరేషాన్ అయితం" అన్నాడు.

కాంట్రాక్టర్ వచ్చాడు. చువ్వ నా చేతిలోంచి తీసుకుని తనే ఒకసారి గుచ్చి చూసి, నవ్వాడు. "పోరగాళ్లకు తెల్వక డస్ట్ ఎక్కువ ఏసిండ్రు చెల్లె. ఇప్పుడు తీయాలంటే లారీలల్ల మాల్ గట్టిపడ్తది. ఇయ్యాల్టికి కానియ్యి, మిగిలిన సగం మంచిగ చేపిస్త."

"కాదన్నా, డస్ట్ తీపియ్యి. చదును చేసినంక పోద్దాం" అన్నాను.

ఆయన గొడవ పడలేదు. "నీ ఇష్టం" అన్నాడు. అప్పటిదాకా పోసిన కాంక్రీట్‌ను జేసీబీతో గోకించి పక్కకు నెట్టించాడు. లారీలను వెనక్కి పంపాడు. తర్వాత గుమ్మాల్లో నిలబడ్డ జనం వైపు తిరిగి, అందరికీ వినపడేలా, "మేడం ఆపమన్నది. నేనేం జేయాలె?" అని చెప్పి బండి ఎక్కాడు.

మర్నాడు నేను వెళ్తే సైట్ మీద జేసీబీ లేదు. రోలర్ లేదు. ఫోన్ చేస్తే తెల్లాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీ ముందు రోడ్డు అర్జెంటుగా ఉందని, అది అయ్యాక వస్తానని చెప్పాడు. ఆ మర్నాడు ఫోన్ ఎత్తలేదు. అంతలో వానలు మొదలయ్యాయి.

మామూలు మట్టి దారి అయితే నీళ్లు వచ్చి పోయేవి. ఇప్పుడు దారి తవ్వేసి ఉంది. గల్లీ అంతా కాలువైంది. ఇళ్ల మెట్లు గాలిలో వేలాడినట్టు మిగిలాయి. పిల్లలు బడికి చెప్పులు చేత పట్టుకుని వెళ్లారు. కిరాయి గదుల్లోంచి కొందరు సామాను సర్దుకుని వేరే చోటికి వెళ్లిపోయారు. హోటల్‌కు గిరాకీ పడిపోయింది. మోకాళ్ల లోతు నల్ల నీళ్లలో దిగి పూరీ తినడానికి ఎవరొస్తారు?

నేను రోజూ ఏఈ సార్ దగ్గరికి వెళ్లాను. ఆయన రోజూ "మాట్లాడిన, వస్తనంటున్నడు" అన్నాడు. ఇంకో కాంట్రాక్టర్‌కు ఇవ్వచ్చు కదా అంటే, మళ్లీ టెండర్, మళ్లీ మంజూరు, వచ్చే ఎండాకాలం అవుతుంది అన్నాడు. వార్డు కౌన్సిలర్‌ను కలిశాను. ఆయన పేపరు మీదనుంచి తల ఎత్తకుండా, "ఆపింది నువ్వు గదమ్మా. నువ్వే తెచ్చి ఏపియ్యి" అన్నాడు.

ఒక పొద్దున వాన తెరిపి ఇచ్చాక బస్తీకి వెళ్లాను. స్కూటీ మెయిన్ రోడ్డు మీదే ఆపి, గల్లీ మొదట్లో నిలబడ్డానో లేదో జనం పోగయ్యారు. అందరూ ఒకేసారి అరుస్తున్నారు. నాకు లంచం ముట్టలేదు కాబట్టి ఆపానని ఒకడు అన్నాడు. అది విని నా చెవులు మండాయి. నేను డస్ట్ సంగతి, మందం సంగతి చెప్పబోయాను. అంతలో హోటల్ అక్క నీళ్లలో అడుగులు వేసుకుంటూ వచ్చింది. జనం దారి ఇచ్చారు.

"అక్కా, అది ఏడాది కూడా ఉండకపోతుండె" అన్నాను. "నడుమ పగిలిపోతుండె. నేను మీకోసమే..."

"ఏడాది ఉండకుంటే ఆరు నెలలు ఉంటుండె" అంది. "ఆరు నెలలు ఆటో వస్తుండె. మంచి రోడ్డు కావాలె, మంచి రోడ్డు కావాలె అని నువ్వు నిలబడ్డవ్. యాడ నిలబడ్డవ్? మా నెత్తి మీద నిలబడ్డవ్. ఇన్నేండ్ల సంది మాకు మంచిది ఎవడిచ్చిండు, నువ్విస్తవు?"

ఆమె నా మణికట్టు పట్టుకుంది. "ఇయ్యాల మా ఆయన్ని దవాఖానకు తీస్కపోవాలె. మోసే పోరల్ల ఒకడు గది ఖాళీ చేసి పోయిండు. నువ్వు పట్టు."

అక్కడున్న మగవాళ్లలో ఒకరిద్దరు ముందుకు వచ్చారు. ఆమె వాళ్లను ఆపేసింది. "ఆమెనే పట్టాలె" అంది.

నేను పట్టాను. వెదురు బొంగు ఒక కొస నా భుజం మీద పెట్టుకున్నాను. మిగతా మూడు కొసలు ముగ్గురు ఒడియా కుర్రవాళ్లు పట్టారు. కుర్చీలో ఆయన దుప్పటి కప్పుకుని, కాళ్లు పైకి ముడుచుకుని కూర్చున్నాడు. మనిషి తేలికే, కానీ కింద నేల కనిపించదు. తవ్విన గుంతలో అడుగు ఎక్కడ పడుతుందో తెలియదు. నా చెప్పు ఒకటి బురద పట్టేసి ఊడిపోయింది. రెండోది నేనే వదిలేశాను. కుర్చీ ఒకసారి నా వైపు ఒరిగితే ఆయన చెయ్యి నా తల మీద ఆనించి ఆపుకున్నాడు. వెంటనే తీసేశాడు.

"ఏమనుకోకు బిడ్డా, ఆమెకు కోపం ఎక్కువ" అన్నాడు మెల్లగా, భార్యకు వినపడకుండా. "నువ్వు చేసింది న్యాయమే. నేనూ ఫ్యాక్టరీల పనిచేసినోన్నే, నాకు తెల్వదా? కానీ నాకు రోడ్డు ఇప్పుడే కావాలె. తర్వాత ఎంత మంచిగ ఏసినా నాకేం ఫాయిదా?"

మెయిన్ రోడ్డు మీద ఆటోలో ఆయన్ని కూర్చోబెట్టాక ఆ అక్క నా వైపు చూడలేదు. ఆటో కదిలిపోయింది. నేను వట్టి కాళ్లతో స్కూటీ నడుపుకుంటూ ఆఫీసుకు వెళ్లాను. ఆ సాయంత్రం ఏఈ సార్‌ను అడిగాను, ఏం చేస్తే కాంట్రాక్టర్ వెనక్కి వస్తాడని.

"నువ్వు ఉండకుంటే వస్తడు" అన్నాడు ఆయన. అందులో కోపం లేదు. టైం టేబుల్ చెప్పినట్టు చెప్పాడు.

నన్ను నర్సరీకి మార్చారు. రోడ్ల పక్కన నాటడానికి పెంచే మొక్కలు ఎన్ని బతికాయో చూసే పని. సివిల్ డిప్లొమా చేసినదాన్ని, కానుగ మొక్కల మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వారం తిరక్కుండా బస్తీలో రోడ్డు పడింది. ఆ గల్లీ మీదుగా వచ్చే మా నర్సరీ మాలి చెప్పాడు. కౌన్సిలర్‌కు, కాంట్రాక్టర్‌కు పూలదండలు వేశారట. డప్పులు కొట్టారట. కౌన్సిలర్ ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ కట్టారట. నడుమ డస్ట్ తీశారా అని నేను అతన్ని అడగలేదు. అతనికి తెలిసే విషయం కాదు. తీసి ఉండరని నాకు తెలుసు. తర్వాత నాణ్యత పరీక్షకు వచ్చినవాళ్లు రోడ్డులోంచి ముక్క కోసి తీసుకెళ్లారు. అంచున కోశారు. మందం సరిపోయిందని రాశారు.

ఆటో హోటల్ ముందు దాకా వస్తోందని కూడా ఆ మాలే చెప్పాడు. ఆ మాట విన్నప్పుడు నాకు సంతోషం కలగాలి. కలగలేదు. అక్క భర్త ఆటోలో కూర్చుని పోతున్నాడంటే నేను ఓడిపోయినట్టే అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. ఒక మనిషిని అలాంటి ఆలోచనల్లోకి నెట్టే ఉద్యోగం అది.

చలికాలంలో ఆయన చనిపోయాడు. నేను వెళ్లలేదు. శవయాత్ర బండి గుమ్మం దాకా వచ్చిందట.

ఆ తర్వాతి వానలకు రోడ్డు నడుమ పొడుగునా పగిలింది. నీళ్ల ట్యాంకర్లు తిరిగి తిరిగి పగులు వెడల్పయింది, పెచ్చులు లేచాయి, కింద డస్ట్ నీళ్లతో కొట్టుకుపోయి గుంతలు పడ్డాయి. బైకు మీదనుంచి పడి ఒకామెకు చెయ్యి విరిగింది. ఎవరో వీడియో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారు. కౌన్సిలర్ అంటే పడనివాళ్లు దాన్ని ఊరంతా తిప్పారు. పైనుంచి విచారణకు ఒక ఆఫీసర్ వచ్చాడు. ఈసారి నడుమ కోసి చూశారు. సగం మందమే.

మెమో నాకు వచ్చింది. ఏఈ సార్ అప్పటికే బదిలీ అయిపోయాడు. పరుపు సిద్ధం చేసిన రోజు సైట్ మీద డ్యూటీ ఎవరిది? నాది. లోపం పరుపులో ఉంది. కాబట్టి బాధ్యత నాది. నేను పని ఆపానని చెప్పాను. ఆపినట్టు రుజువు ఏదని ఆ ఆఫీసర్ అడిగాడు. బస్తీ మొత్తం చూసింది, వాళ్లనే అడగండి అన్నాను.

ఆయన నిజంగానే వెళ్లి అడిగాడు, నన్ను వెంటబెట్టుకుని. హోటల్ ముందు కుర్చీ వేశారు. కౌన్సిలర్ మనుషులు ఇద్దరు గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఆఫీసర్ ఒక్కొక్కరినీ పిలిచి, ఈ మేడం పని ఆపిందా అని అడిగాడు. ఒకడు "యాదికి లేదు సార్" అన్నాడు. ఒకామె "మేం డ్యూటీల ఉన్నం సార్" అంది. లంచం ముట్టకే ఆపానని అరిచినవాడు కూడా అక్కడే ఉన్నాడు. అతను "తెల్వది సార్" అని నేల చూశాడు. నన్ను చుట్టుముట్టి అన్ని తిట్లు తిట్టిన జనంలో ఒక్కరికీ ఆ రోజు గుర్తు లేదు.

హోటల్ అక్క పొయ్యి దగ్గర నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఆపింది సార్" అంది, అందరికీ వినపడే ఆ పెద్ద గొంతుతోనే. "లారీకి అడ్డం నిలబడి ఆపింది. నడుమ పలచగ పోస్తున్నరని ఆపింది. ఆపినందుకు మేమే తిట్టినం. నేనైతే బాగ తిట్టిన. అబద్ధం ఎందుకు చెప్తం?"

గోడకు ఆనుకున్నవాళ్లు ఆమె వైపు చూశారు. ఆమె వాళ్లను లెక్కచేయలేదు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ బస్తీలో నాకోసం ఒక్కరైనా నోరు విప్పారు కదా అనుకుంటూ ఇంటికి వెళ్లాను. ఆ రాత్రి మా ఆయనతో, ఇంక భయం లేదు అన్నాను.

విచారణ రిపోర్టులో ఆమె మాట రాశారు. నిజంగానే రాశారు. పై అధికారుల రాతపూర్వక అనుమతి లేకుండా వర్క్ ఇన్‌స్పెక్టర్ పనిని నిలిపివేసిందని, దాంతో దారి తవ్వి వదిలేయాల్సి వచ్చి ప్రజలు తీవ్ర ఇబ్బంది పడ్డారని, ఈ విషయం స్థానికురాలే స్వయంగా చెప్పిందని. అప్పటిదాకా నా మీద ఉన్నది ఒక్క తప్పు, చూడలేదని. ఇప్పుడు రెండు, చూడలేదని ఒకటి, చూసి ఆపానని ఇంకొకటి. రెండూ ఎలా కుదురుతాయని ఎవరూ అడగలేదు. నేను అడిగితే క్లర్కు, "గది నాకేం తెల్సు మేడం, నేను టైప్ చేసిన గంతే" అన్నాడు.

ఔట్‌సోర్సింగ్ వాళ్లను సస్పెండ్ చేయాల్సిన పని లేదు. ఏజెన్సీ అబ్బాయి ఫోన్ చేసి, ఒకటో తారీకు నుంచి రావద్దని చెప్పాడు. కాంట్రాక్టర్‌కు నోటీసు ఇచ్చారని విన్నాను. ఆయన ఇప్పుడు కిష్టారెడ్డిపేట వైపు ఇంకో రోడ్డు వేస్తున్నాడు. ఒకసారి దారిలో కనపడి బండి ఆపి, "ఎట్లున్నవ్ చెల్లె? గట్ల కావద్దుండె" అన్నాడు. నిజంగానే బాధపడుతున్నట్టు అన్నాడు.

నేను ప్రస్తుతం తెల్లాపూర్‌లో అపార్టుమెంట్లు కడుతున్న ఒక కంపెనీలో సైట్ సూపర్‌వైజర్‌ను. ఇక్కడ కాంక్రీట్ ఎప్పుడూ నిండుగానే పోస్తారు. కొనేవాళ్లు ఇంజనీర్లను వెంట తెచ్చుకుని చూసుకుంటారు కాబట్టి తక్కువ పోయడం కుదరదు. చువ్వ గుచ్చి చూడాల్సిన అవసరమే రాదు.

ఈమధ్య పటాన్‌చెరులో కూరగాయలు కొంటుంటే ఆ హోటల్ అక్క ఎదురుపడింది. చేతిలో మైదా సంచి. ముందు ఆమే పలకరించింది.

"కొలువు పోయిందంట గదా బిడ్డా? నేను ఉన్నదే చెప్పిన. నీకు మంచి అయితదనే చెప్పిన."

"తెలుసు అక్కా" అన్నాను.

"రోడ్డు ఇంక గట్లనే ఉంది. గుంతలల్ల మట్టి నింపిండ్రు. ఆటో మళ్ల వస్తలేదు." సంచి ఇంకో చేతికి మార్చుకుంది. "వస్తే ఏంది, రాకుంటే ఏంది ఇప్పుడు. పోయేటాయన పోయిండు."

ఆమె మీద నాకు కోపం లేదని రాస్తే అబద్ధం అవుతుంది. ఆమె తిట్టినందుకు కాదు. ఆమె నిజం చెప్పినందుకూ కాదు. ఆమె చెప్పిన ప్రతి మాటా సరైనదే, నేను చేసిందీ సరైనదే, అయినా ఆ రెండూ కలిసి ఎవరికీ పనికిరానందుకు. ఆ కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక ఎదురుగా ఉన్న మనిషి మీద పెట్టుకున్నాను.

"ఇప్పుడు యాడ చేస్తున్నవ్?" అని అడిగింది. చెప్పాను.

"గాడ గేటు కాడ వాచ్‌మెన్ పని ఏమన్న ఉంటే చెప్పు బిడ్డా. మా అల్లుడు ఖాళీగ ఉన్నడు."

అడిగి చూస్తానన్నాను. మా సైట్‌లో ఆ తర్వాతి వారమే కొత్తగా ఇద్దరు వాచ్‌మెన్‌లను పెట్టుకున్నారు. నేను అడగలేదు.